కోల్డ్ కాల్స్, కోల్డ్ ఈమెయిళ్లకు ఇక భవిష్యత్తు ఉందా?

ప్రశ్న (సేల్స్ ఉద్యోగి, హైదరాబాద్)

మందుల టోకు వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. కొన్నేళ్ల క్రితం ఫోన్ నంబర్ల జాబితా చేతిలో ఉంటే కోల్డ్ కాల్స్‌తోనే, అంటే ముందు పరిచయం లేనివారికి నేరుగా ఫోన్ చేసి, సాయంత్రంలోగా ఒకరిద్దరైనా డెమోకు ఒప్పుకునేవారు. ఇప్పుడు కొత్త నంబరు కనిపిస్తే చాలామంది ఫోన్ ఎత్తడమే లేదు. అందుకని కృత్రిమ మేధతో రోజుకు వేల ఈమెయిళ్లు రాయించి పంపాలని మా యాజమాన్యం ఆలోచిస్తోంది. సంఖ్య పెంచితే ఫలితం పెరుగుతుందన్న లెక్క ఇంకా నిలుస్తుందా?

సమాధానం (ఈమెయిల్ సర్వర్ల నిర్వాహకుడు)

నిలవదండీ. జీమెయిల్ వ్యక్తిగత ఖాతాలకు రోజుకు 5,000కు పైగా ఈమెయిళ్లు పంపేవారు ఈమెయిల్ పంపింది నిజంగా తామేనని ధ్రువీకరించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్లూ అమర్చుకోవాలని, ప్రచార సందేశాలను ఒక్క నొక్కుతో వద్దనుకునే వీలు కల్పించాలని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టింది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు స్పామ్ అని గుర్తిస్తే చాలు, మీ డొమైన్‌కు (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరుకు) ముప్పు మొదలైనట్లే. అప్పుడు పాత కస్టమర్లకు పంపే ఇన్‌వాయిస్‌లు కూడా స్పామ్‌లో పడవచ్చు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది ఇదే.

ఫోన్ల విషయంలోనూ అంతే. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి. మామూలు పది అంకెల నంబరుతో చేసేవారిపై పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్య తీసుకునేలా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో నిబంధనలను కఠినం చేసింది. ఫిర్యాదు చేయడానికి ముందుగా డీఎన్‌డీలో (ప్రచార కాల్స్ వద్దనుకునేవారి జాబితాలో) నమోదై ఉండాల్సిన అవసరమూ లేదు.

సమాధానం (మందుల టోకు వ్యాపారి, గుంటూరు)

కొనే వైపు నుంచి చెబుతాను. పొద్దున రిటైల్ షాపుల ఆర్డర్లు తీసుకునే వేళ ఎవరు ఫోన్ చేసి "మీ వ్యాపారాన్ని మరో స్థాయికి తీసుకెళ్తాం" అన్నా వినే ఓపిక ఉండదు. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులపై జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, పాత ధర ముద్రించిన సరుకు గోడౌన్‌లో ఉండగా కొత్త రేటుతో బిల్లు ఎలా వేయాలన్నదే మా అందరి ఆందోళన. ఆ వారంలో ఒక అబ్బాయి అమ్మకం మాట ఎత్తకుండా, బ్యాచ్ వారీగా రేటు మార్చే పద్ధతిని ఒకే పేజీలో వివరించి పంపాడు. అతను ఎవరో నాకు అంతకుముందు తెలియదు. అయినా నేనే ఫోన్ చేసి మాట్లాడాను.

గడువు తీరిన మందుల రిటర్నులు, కంపెనీల నుంచి రావలసిన క్రెడిట్ నోట్లు (తిరిగిచ్చిన సరుకు విలువను మా ఖాతాలో జమచేసే పత్రాలు), ఊళ్లలో నిలిచిపోయే బాకీలు మాకు నిత్యం ఉండే తలనొప్పులు. వీటిలో ఏ ఒక్కదాని గురించి తెలిసి మాట్లాడినా కొత్తవారి ఫోన్ అయినా పెట్టేయం.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలండీ. అయితే కృత్రిమ మేధను పూర్తిగా పక్కన పెట్టాలా?

సమాధానం (సేల్స్ మేనేజర్, విశాఖపట్నం)

అక్కర్లేదు. దాన్ని పంపే పనికి కాక, చదివే పనికి పెట్టండి. జీఎస్‌టీ ప్రకటనల్లో, మందుల ధరల ఉత్తర్వుల్లో మీ కస్టమర్లను తాకే మార్పు ఏదో అది వెతికిపెడుతుంది. ఆ మార్పు గుంటూరులోని ఫలానా వ్యాపారికి ఎందుకు ముఖ్యమో తేల్చుకుని రాయవలసింది మాత్రం మీరే. అందరి చేతిలోనూ అదే యంత్రం ఉన్నప్పుడు, అది రాసిన పొగడ్తలతో మొదలయ్యే ఈమెయిళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఒకేలా చెత్తబుట్టకు పోతాయి.

ఒక మాట మీ యాజమాన్యానికి గట్టిగానే చెప్పండి: రోజుకు ఎన్ని కాల్స్ చేశారన్న టార్గెట్ ఉన్నంతకాలం ఏ ఉద్యోగీ ఒక వ్యాపారి గురించి అరగంట తెలుసుకోడు. ముందు ఒకే జిల్లా తీసుకుని, ఇప్పటికే మీ సాఫ్ట్‌వేర్ వాడుతున్న వ్యాపారుల ద్వారా పరిచయాలు అడిగి, మిగిలినవారికి మాత్రమే నేరుగా రాయండి. వద్దన్నవారి పేరు జాబితాలోంచి అదే రోజు తీసేయండి. నెలాఖరున ఎన్ని పంపారని కాకుండా, ఎందరు తిరిగి ప్రశ్న అడిగారో లెక్క చూడండి.