పాత కీర్తనలకి గిటార్ మీద ఏ కార్డ్స్ పట్టాలి?

ప్రశ్న: అందరికీ వందనాలు. మాది చిన్న చర్చి సంఘం, ఆదివారం 40 మందిమి ఉంటాం. కీబోర్డ్ వాయించే తమ్ముడు చదువుకి వెళ్లిపోయాడు, ఇక నా గిటారే దిక్కు. జి, సి, డి, ఈ మైనర్ కార్డ్స్ వచ్చు. యూత్ పాటలు నెట్టుకొస్తున్నా. మామ్మగారు పాత కీర్తన ఎత్తుకున్నారంటే మాత్రం ఏ కార్డ్ పట్టినా రాగం చెడుతోంది. మొన్న రెండో చరణంలో "బాబూ, కాసేపు ఆపు" అనేశారు.

జవాబు: కాపో (గిటార్ మెడ మీద తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) కొనుక్కో తమ్ముడూ, ఆవిడ శ్రుతికి జరుపుకుంటే సరి.

ఇంకో జవాబు: కాపో కావాలి గానీ, దానొక్కదానితో తేలదు అన్నా. ఆ కీర్తనలు కర్ణాటక రాగాల్లో కట్టినవి. కీర్తనల పుస్తకంలో పాట పైనే రాగం, తాళం వేసి ఉంటాయి, చూడండి. నాదనామక్రియ లాంటి రాగానికి జి, సి, డి తిప్పితే మామ్మగారు ఆపమనక ఏం చేస్తారు!

గిటార్‌ని తంబురా చేసెయ్యండి. లావు తీగని (సన్న తీగ వైపు నుంచి లెక్కిస్తే ఆరోది) ఈ (E) స్వరం నుంచి డి (D) స్వరానికి దించండి. నాలుగో తీగతో కలిపి మీటితే రెండూ ఒకటే స్వరంలా కలవాలి. ఇప్పుడు 6, 5, 4 తీగలు డి, ఏ, డి. అంటే స, ప, స. ఎడమచేతికి పనే లేదు. సన్న తీగల జోలికి పోకండి. పాడేవాళ్ల లెక్కలో ఇది రెండు శ్రుతి. కాపో మొదటి ఫ్రెట్‌లో (మెడ మీది గడిలో) పెడితే రెండున్నర, రెండో ఫ్రెట్‌లో మూడు.

ఆవిడ ఎత్తుకోకముందే రెండుసార్లు మీటి వినిపించండి, శ్రుతి అందుకుంటారు. ఆది తాళమైతే ఎనిమిది లెక్కల్లో 1, 5, 7 మీదే మీటండి, దెబ్బ పడేది అక్కడే. గబగబా స్ట్రమ్మింగ్ చేస్తే జనం చప్పట్లు తప్పుతారు. మోహన రాగం పాటలకైతే డి, బి మైనర్ కార్డ్స్ హాయిగా కలుస్తాయి.

ప్రశ్న అడిగినవారు: శనివారం ప్రాక్టీసులో చేశానన్నా, బాగుంది! కాకపోతే లావు తీగ గరగరమంటోంది.

జవాబు: వదులైంది కదా, అంతే. పిక్ పక్కన పెట్టి బొటనవేలి కండతో మెల్లగా మీటండి. యూత్ పాటకి ముందు మళ్లీ ఈ కి బిగించడం మర్చిపోకండి. నేనొకసారి మర్చిపోయి ఈ మైనర్ కొట్టా, తబలా అతను నవ్వాపుకోలేకపోయాడు.