ముందు కొంటే సగం ఆట, ఆగి కొంటే ఖాళీ ఆట: లైవ్ సర్వీస్ గేములు మీరు ఎప్పుడు కొంటున్నారు?

పెనమలూరు_ప్లేయర్:

ప్రశ్న పైనే ఉంది. లైవ్ సర్వీస్ అంటే ముందు కొంత ఆట ఇచ్చి, మిగతాది ఆన్‌లైన్‌లో నెలల తరబడి చేరుస్తూ పోయేవి. కోపంగా ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మేం నలుగురం ఇంజినీరింగ్ నాటి నుంచి కలిసి ఆడుతున్నాం. ఇప్పుడు ఒకడు బెంగళూరు, ఇద్దరు హైదరాబాదు, నేను బెజవాడ పక్కన. శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే మాకు సినిమా అదే, పార్టీ అదే. అందుకని ‘ఆన్‌లైన్ ఆటలెందుకురా, ఒక్కడివే ఆడుకునేవి బోలెడున్నాయిగా’ అనే సలహా మాత్రం దయచేసి వద్దు. ఒక్కడినే కూర్చోడానికి నాకు ఆఫీసుంది.

ఈ మధ్య నలుగురం ఒక ఆట కొన్నాం. పేరు రాయను. రాస్తే దాని అభిమానులు వచ్చి అసలు సంగతి వదిలేసి నా మీద పడతారు. పీఎస్5లో తలా ఐదు వేలకు ఒక్క రూపాయి తక్కువ. కథ బాగానే మొదలైంది, ఇంకా మొదట్లోనే ఉన్నాం అనుకుంటుండగానే అయిపోయింది. పేర్లు పడుతున్నాయి, మావాడు ‘ఇంటర్వెల్ ఏమోరా’ అన్నాడు. కాదు, అంతే.

అక్కడి నుంచి మొదలైంది అసలు కథ. అదే గోదాం. అదే లిఫ్టు. లిఫ్టు కిందికి వచ్చేదాకా అదే కాపలా. శత్రువులు మారలేదు, చొక్కా రంగు మారింది. నీలం చొక్కావాడు నాలుగు దెబ్బలకు పోతాడు, ఎర్ర చొక్కావాడు నలభైకి పోతాడు. కథ అయ్యాక ఆడే ఈ భాగాన్ని ‘ఎండ్‌గేమ్’ అంటున్నారు. మెనూలో రెండు డబ్బాలకు తాళం బొమ్మ, కింద ‘త్వరలో’ అని రాసుంది. షాపుకు మాత్రం తాళం లేదు. మొదటి రోజు నుంచే కళకళలాడుతోంది, హెల్మెట్టుకి నెమలి రంగు కావాలంటే విడిగా డబ్బులు కట్టాలి.

ముందు ముందు ఏమేం వస్తాయో చెప్పే రోడ్‌మ్యాప్ అని ఒక బొమ్మ ఇచ్చారు. సమ్మర్‌లో కొత్త మ్యాపు, వింటర్‌లో కొత్త విలన్. వాళ్ల సమ్మర్ వచ్చేసరికి మనకు వానలు పడి నారుమళ్లు పోస్తుంటారు, అది వేరే సంగతి.

నా అసలు బాధ ఇది. మామూలు ఆటైతే ఆగితే లాభం. ధర తగ్గుతుంది, బగ్గులు పోతాయి, డీఎల్‌సీలన్నీ (విడిగా అమ్మే అదనపు భాగాలు) కలిపి ఒకటే ఎడిషన్‌గా వస్తాయి. వీటికి ఆ సూత్రం పనిచేయదు. ఏడాది ఆగితే ఆట నిండుతుందేమో గానీ జనం ఉండరు, మ్యాచ్ దొరకదు, ఒక్కోసారి ఆటే ఉండదు. పైగా మొదటి రోజున మనం కొనకపోతే ‘ఆదరణ లేదు’ అని రోడ్‌మ్యాప్ చింపేస్తారు. అంటే మిగతా సగం రావాలంటే సగం ఆటకి పూర్తి డబ్బు మనమే ముందు పెట్టాలి. ఇదెక్కడి లెక్క? మీరెలా నెట్టుకొస్తున్నారు?

పాత_డిస్కు:

అన్నా, నీ బాధ సమజైంది. నేను సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ దుకాన్ల బిల్డింగ్) చుట్టుపక్కల పాత డిస్కులు కొని అమ్ముతుంట. ఉద్యోగం కాదు, పిచ్చి. గాడ్ ఆఫ్ వార్ డిస్కు ఎవరు తెచ్చినా తీసుకుంట, ఏండ్లు గడిచినా దానికొక రేటుంటది. సర్వీసు ఆట డిస్కు తెచ్చినోనికి ముందు చాయ్ తాగిపిస్త, తర్వాత నిజం చెప్త.

యాంథెమ్ ఆట యాదికుందా? 2019 ఫిబ్రవరిల వచ్చింది. మాస్ ఎఫెక్ట్ తీసిన బయోవేర్ గదా అని అందరం ఎగబడ్డం. ఎగురుడు మాత్రం అబ్బ, జలపాతం లోపలికెళ్లి దూసుకపోతే ఎగిరే సూటు సల్లబడి ఇంకింత సేపు గాలిల ఉండొచ్చు. గంత మంచిగ చేసినోళ్లు కథ నడిమిట్ల సమాధుల కాడ ఆపిన్రు. పెట్టెలు తెరువు, పడ్డోళ్లను లేపు, గిన్నిసార్లు చేసినంకనే తలుపు తీస్తం అని. ఆట పెద్దగున్నట్టు కనపడాలె గదా! కథ అయినంక ఆడుకునే స్ట్రాంగ్‌హోల్డులు (టీముగ ఆడే పెద్ద మిషన్లు) మూడే, అండ్ల ఒకటి కథల ఆఖరి మిషనే. రోడ్‌మ్యాప్ మాత్రం మూడు అంకాల నాటకం లెక్క గీసిన్రు. మొదటి అంకంల పెద్దది ‘కెటక్లిజం’ అనే ఈవెంటు, అది ఆగస్టు దాక రాలే. ఆ తర్వాత అంకాల ముచ్చటే బంద్. మొత్తం కొత్తగ చేస్తమన్నరు, 2021 ఫిబ్రవరిల అదీ ఆపిన్రు. 2026 జనవరి 12న సర్వర్లు బంద్. ఆన్‌లైన్ లేకుంటే నడవని ఆట గాబట్టి కథ గూడ పోయింది.

నువ్వడిగినదానికి జవాబు: నేను కొంట లేను. మా మామ కొడుకు కొంటడు, వాని దగ్గర చూస్త.

రాత్రి_బిల్డ్:

హైదరాబాద్‌లో గేమ్ ఆర్ట్ చేసే ఆఫీసులో పనిచేస్తాను. పేరు అడగొద్దు. ‘షాపుకు మాత్రం తాళం లేదు’ దగ్గర నవ్వొచ్చింది, ఎందుకంటే అలాంటి షాపులు నింపేది మా లాంటివాళ్లమే. అది ఎందుకు నిండుగా ఉంటుందో, పక్కన మిషన్లు ఎందుకు ఉండవో చెప్తాను.

ఒక భుజం కవచం తీసుకోండి. మోడల్ చేస్తాం, టెక్స్చర్ వేస్తాం, పాత్ర పరుగెత్తేటప్పుడు అది మెడలోకి దూరిపోతోందా లేదా చూస్తాం. అయిపోయింది. ఆటలో ఇంకేదాన్నీ అది ముట్టుకోదు. అందుకే నాలుగు దేశాల్లో నాలుగు ఆఫీసులకు పంచి రాశులు పోయించవచ్చు. మిషన్ అలా కాదు. లెవెల్ డిజైనర్ ఒక గోడ జరిపితే శత్రువు నడిచే దారి మారుతుంది, దాంతో కష్టం మారుతుంది, నలుగురు ఆడినప్పుడు ఒకడు లిఫ్టు బయట ఇరుక్కుపోతాడు. మాట మారితే ప్రతి భాషలో మళ్లీ రికార్డింగ్. ఆ పైన కన్సోల్ వాళ్ల సర్టిఫికేషన్. నెలల తరబడి చేసిన మిషన్‌ని మీరు నలుగురూ పకోడీలు చల్లారేలోపు ఊదేస్తారు. ఎంత పెద్ద టీమైనా ఈ పరుగులో ఆడేవాళ్లని అందుకోలేదు. అందుకే ఎర్ర చొక్కాలు.

రోడ్‌మ్యాప్ జారడానికి ఇంకో కారణం ఉంది. రెండో సీజన్ చేయాల్సిన మనుషుల్ని రిలీజ్‌కి ముందు లాక్కెళ్లి మెయిన్ ఆటకి పెడతారు. రిలీజ్ అయ్యాక మంటలు ఆర్పడం. హేలో ఇన్ఫినిట్ చూడండి, అదీ మైక్రోసాఫ్ట్ డబ్బుతో. 2021 నవంబర్‌లో మల్టీప్లేయర్ వచ్చింది, మొదటి సీజన్‌ని ఆరు నెలలకు సాగదీశారు. ఫోర్జ్ (మనమే మ్యాపులు చేసుకునేది), కో-ఆప్ కథ (ఆన్‌లైన్‌లో కలిసి ఆడేది) 2022 నవంబర్‌కి గానీ రాలేదు. ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని కథ ఆడే స్ప్లిట్ స్క్రీన్ అయితే ఏకంగా రద్దు.

పైవాళ్ల లెక్క వేరు. 2022లో సోనీ నాలుగేళ్లలో పదికి పైగా లైవ్ సర్వీస్ ఆటలు తెస్తామంది, మరుసటి ఏడాదికే అది ఆరుకి తగ్గింది. అందులో కాంకర్డ్ 2024 ఆగస్టు 23న విడుదలై సెప్టెంబర్ 6న ఆగిపోయింది. కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చారు, బాగుంది. దాన్ని చేసిన స్టూడియోని మూసేశారు. అక్కడ పనిచేసినవాళ్ల సంగతి ఎవరూ అడగరు, నేను అడుగుతాను, ఎందుకంటే ఆ జాబితాలో రేపు నేనుంటాను.

డాలస్_బాబాయ్:

అన్నిటినీ ఒకే గాట కట్టకండి. హెల్‌డైవర్స్ 2 కూడా సర్వీసే. 2024 ఫిబ్రవరిలో 40 డాలర్లకు వచ్చింది, పన్నెండు వారాల్లో కోటీ ఇరవై లక్షల కాపీలు అమ్ముడుపోయింది. మొదట్లో సర్వర్లు తట్టుకోలేక లైన్లో నిలబెట్టారు గానీ, లోపలికి వెళ్లాక ఆటుంది. వాళ్ల వార్‌బాండ్లకు (ఆయుధాలు, కవచాలు సంపాదించుకునే పాసులు) గడువు లేదు, ఈ నెల కొని వచ్చే ఏడాది ఆడుకున్నా అడిగేవాడు లేడు. ఫాల్‌అవుట్ 76 చూడండి. 2018లో వచ్చినప్పుడు ఊరంతా తిరిగినా మాట్లాడే మనిషి కనపడడు, అన్నీ రికార్డింగులు, చీటీలు. 2020 ఏప్రిల్‌లో వేస్ట్‌లాండర్స్ వచ్చాక మనుషులొచ్చారు. నేను ఇప్పటికీ ఆడుతున్నాను.

నా పద్ధతి ఒకటే. రోడ్‌మ్యాప్ బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడతాను. మిగిలింది ఆ ధరకి సరిపోతే కొంటాను, లేకపోతే లేదు.

పెనమలూరు_ప్లేయర్:

బాబాయ్ గారూ, పద్ధతి మంచిదే, కానీ చెయ్యి అడ్డం పెట్టాక కింద ఏముందో రిలీజ్‌కి ముందు ఎవరు చూపిస్తున్నారు? బీటా అనే ట్రయల్‌లో చూపించేది ఆ మొదటి గోదాం ఒక్కటే! మార్వెల్స్ అవెంజర్స్ 2020లో అలాగే వచ్చింది. అన్ని వందల కామిక్స్‌లో విలన్లకు కరువా? అయినా మళ్లీ మళ్లీ అదే టాస్క్‌మాస్టర్, అదే అబామినేషన్, మిగతాదంతా రోబోలు. 2023 సెప్టెంబర్‌కి అమ్మకమే ఆపేశారు. పోతూ పోతూ డ్రెస్సులన్నీ ఫ్రీగా ఇచ్చారు, అంతవరకు మర్యాద.

ఫాల్‌అవుట్ సంగతి ఒప్పుకోను. బాగుపడింది నిజమే. కానీ మొదటి రోజు పూర్తి ధర పెట్టినవాడు ఏడాదిన్నర ఖాళీ ఊళ్లు తిరిగాడు, తర్వాత సగం ధరకి కొన్నవాడికి మనుషులు దొరికారు. ముందు నమ్మినవాడికే శిక్ష.

రాత్రి_బిల్డ్ గారూ, భుజం కవచం సంగతి చెప్పినందుకు థాంక్స్. ఇంతకాలం షాపు చూసి ‘దీనికి పెట్టిన టైం మిషన్లకి పెట్టొచ్చుగా’ అని తిట్టుకునేవాణ్ని. మిమ్మల్ని కాదు, మీ పైవాళ్లని. ఇక ముందు కూడా వాళ్లనే తిడతాను. మిషన్లు ఇన్ని నెలలు పడతాయని వాళ్లకి ముందే తెలుసు కదా, బొమ్మలో మూడేసి నెలలకొకటి అని ఎందుకు గీస్తారు?

చికెన్‌డిన్నర్_చిన్నా:

అన్నా మీరంతా ఐదు వేలు పెట్టి ఎందుకు ఏడుస్తున్నారు, బీజీఎంఐ (మన దేశపు పబ్‌జీ మొబైల్) ఫ్రీ కదా. ఒక్కటే ప్రాబ్లం, 2022 జులైలో స్టోర్లలో నుంచి ఎత్తేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. మధ్యలో ఫోన్ మార్చిన మావాడు నరకం చూశాడు.

పెనమలూరు_ప్లేయర్:

చిన్నా, ఫ్రీ ఆటతో నాకు పేచీ లేదు. ఫ్రీగా ఇచ్చి డ్రెస్సులు అమ్ముకోమను, అది నీతిగల బేరం. టికెట్టు డబ్బులు తీసుకుని లోపల కుర్చీ కూడా అద్దెకివ్వడమే నాకు మంట.

నోటీసు_పీరియడ్:

చట్టం వైపు నుంచి కొంచెం. ఈ ఆటల ఖాళీతనం మొదటి రెండు గంటల్లో కనపడదు. ఆ రెండు గంటలే బ్రహ్మాండంగా చేస్తారు. పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లో రిఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలలోపు ఆడి ఉండాలి. పీఎస్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెడితే సాధారణంగా అదీ లేదు. ఎర్ర చొక్కాలు కనపడేసరికి దారులన్నీ మూసుకుపోతాయి.

ఇంకో పక్క చూడండి. ద క్రూ అనే కార్ల ఆట 2014లో వచ్చింది, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఒంటరిగా కారు నడుపుకోవడం కూడా కుదరదు. దాని మీదే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలై యూరప్‌లో పది లక్షల సంతకాలు దాటింది. కాలిఫోర్నియాలో 2025 నుంచి, మనం కొంటున్నది లైసెన్సు మాత్రమే అని డిజిటల్ స్టోర్లు స్పష్టంగా చెప్పాలి. డెస్టినీ 2 వాళ్లు 2020 నవంబర్‌లో, 2017లో డబ్బుకి అమ్మిన రెడ్ వార్ కథనే ఆటలోంచి తీసేశారు. అప్పట్లో కొన్నది ఇప్పుడు వెళ్లి ఆడదామంటే లేదు.

మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో రాసి ఉంది, ముఖ్యమైన సమాచారం కావాలని దాచడం కూడా అందులోకి వస్తుంది. కానీ రోడ్‌మ్యాప్ బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘మారవచ్చు’ అని ఉంటుంది, చూశారా? లాయర్ ఫీజు ఐదు వేలు దాటుతుంది. కాబట్టి ప్రీ ఆర్డర్ చేయకండి, అదొక్కటే మన చేతిలో ఉన్న నోటీసు.

పెనమలూరు_ప్లేయర్:

‘మారవచ్చు’ అనేది ఇప్పుడే వెళ్లి చూశాను. ఉంది. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేస్తే కనపడింది.

మావాళ్లతో మాట్లాడాను. ప్రీ ఆర్డర్లు బంద్, నలుగురిలో ఒకడు ఎవరి దగ్గరైనా పూర్తిగా ఆడి చూసి సరే అన్నాకే మిగతావాళ్లు కొనాలి. పాత_డిస్కు అన్నా, మీ మామ కొడుకు నంబర్ అడగబోయేది మేమే. ఈ శనివారానికి లెఫ్ట్ 4 డెడ్ 2 పెట్టుకుంటున్నాం, 2009 నాటిది. బెంగళూరు వాడి ఆఫీసు ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. రిలీజ్ కాకముందు ‘మొదటి ఆట వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే రెండోదా’ అని దాన్ని బహిష్కరించాలని కొందరు గ్రూపు కట్టారు, చూడండి, ఆ రోజుల్లో కోపాలు ఎంత ముద్దుగా ఉండేవో!

హెల్‌డైవర్స్ 2 సేల్‌లో ఎవరికైనా కనపడితే ఇక్కడే వేయండి. నాలుగు కాపీలు కావాలి.