‘ఫేట్’కు అన్నిచోట్లా ‘విధి’ కుదురుతుందా?

పలకబలపం: ‘ఫేట్’ కనిపించిన ప్రతిచోటా ‘విధి’ అని రాస్తే అనువాదం బిగుసుకుపోతోంది. మీరు ఎలా విడదీస్తారు?

నానార్థం: ముందు ఆ వాక్యంలో దైవం ఉందో లేదో చూడండి. మనిషి చేతిలో లేనిది, ముందే నిర్ణయమైనది అనే భావం ఉంటే విధి, తలరాత, నుదుటిరాత ఏదైనా సరే. లాటిన్ మూలం ‘ఫాతుమ్’ అంటే పలికినది. వాళ్లకు దేవుడు పలికాడు, మనకు నుదుట రాశాడు, అంతే తేడా. అదే మాట బిల్లు పక్కనో అభ్యర్థి పక్కనో ఉంటే దైవంతో పనిలేదు, చివరికి ఏమవుతుందన్నదే సంగతి. అక్కడ ‘భవితవ్యం’ నప్పుతుంది. ‘బిల్లు ఏమవుతుందో రేపు తేలుతుంది’ అంటే ఇంకా హాయి.

అచ్చుతప్పు: ‘విధి’కి కర్తవ్యం అనే అర్థం కూడా ఉంది కదా. ‘సైనికుడు తన విధిని అంగీకరించాడు’ అంటే డ్యూటీకి ఒప్పుకున్నాడా, చావుకు సిద్ధపడ్డాడా? ఇలాంటిచోట తలరాతే మేలు.

నానార్థం: అసలు తప్పులన్నీ విశేషణాల దగ్గరే. ‘ఫేటల్’ అంటే ప్రాణాంతకమైన. ‘ఫేట్‌ఫుల్’ అంటే ఆ తర్వాత జరిగినదాన్నంతా మలుపు తిప్పిన. ‘ఫేట్‌ఫుల్ డెసిషన్’ను ప్రాణాంతక నిర్ణయం చేస్తే, ఎవరూ చావని వార్తలో శవం లేస్తుంది. కంప్యూటర్‌లో ‘ఫేటల్ ఎర్రర్’ అయితే ప్రోగ్రామ్ ఇక ముందుకు సాగలేని లోపం.

సూక్ష్మదర్శిని: సైన్సు పాఠాల్లో విధి ఊసే ఎత్తకండి. ‘సెల్ ఫేట్’ అంటే పిండంలోని కణం చివరికి నాడీకణం అవుతుందా, కండర కణం అవుతుందా అన్నది. కాలుష్య నివేదికల్లో ‘ఫేట్ అండ్ ట్రాన్స్‌పోర్ట్’ వస్తే, ఆ రసాయనం నేలలో, నీటిలో ఎటు కదిలింది, విచ్ఛిన్నమైందా, అలాగే పేరుకుందా అని విడమరచి రాయాలి. ఒక్క మాటలో ఇరికిస్తే అర్థం కాదు.

పలకబలపం: పెద్దక్షరంతో ‘ది ఫేట్స్’ అని ఉంటే?

అచ్చుతప్పు: గ్రీకు దేవతలు ముగ్గురు. క్లోతో ఆయువు దారం వడుకుతుంది, లాకెసిస్ కొలుస్తుంది, అట్రోపోస్ కత్తిరిస్తుంది. ‘విధి దేవతలు’ అనండి. ‘విధులు’ అంటే ముగ్గురూ ఆఫీసుకు వెళ్లినట్టుంటుంది.

నానార్థం: ‘డెస్టినీ’కి మంచి వైపు మొగ్గు ఎక్కువ, ‘డూమ్’ పూర్తిగా వినాశనం. ‘ఫేట్’ నడుమ ఉన్నా చెడు వైపే ఒరుగుతుంది.

సూక్ష్మదర్శిని: ఆడియో విని రాసేవాళ్లకు ఒక మాట. ఇదే ఉచ్చారణతో వేడుక అనే అర్థమున్న పదం ఇంకొకటి ఉంది, స్పెల్లింగ్‌లో ‘ఎఫ్’ తర్వాత ‘ఏ’ బదులు ‘ఈ’ వస్తుంది. ‘విలేజ్ ఫేట్’ వినిపిస్తే ఊరి తలరాత అని రాసేయకండి.