మందారం మొగ్గలు విచ్చకముందే రాలిపోతున్నాయి, ఏం చేయాలి?

మేడతోట_కావలి
అందరికీ నమస్కారం. మేడ మీద కుండీల్లో ఎర్ర రేకు మందారం, పసుపు హైబ్రిడ్ ముద్ద మందారం పెంచుతున్నాను. ఎర్రది రోజూ పూస్తోంది, పూజకు లోటు లేదు. హైబ్రిడ్‌కి మాత్రం మొగ్గ కాస్త ఊరగానే తొడిమ పసుపుబారి రాలిపోతోంది. ఎరువు వేస్తూనే ఉన్నా. ఈ మొక్కంటే నాకు ప్రాణం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పూలపిచ్చి_ఒంగోలు
అక్కా, ముందు రాలిన మొగ్గ ఒకటి విప్పి చూడండి. అడుగున సందుల్లో తెల్లగా దూదిలా అంటుకుని ఉంటే అది పిండినల్లి అనే రసం పీల్చే పురుగు. కొమ్మల మీద చీమలు బారు కట్టాయంటే అనుమానమే అక్కర్లేదు. అది వదిలే తీపి జిగురు కోసం చీమలు వస్తాయి, దాన్ని కాపాడతాయి కూడా. చీమల్ని వదిలేసి పురుగుకే మందు కొడితే మళ్లీ మొదటికే వస్తుంది. పైపుతో నీళ్లు జోరుగా కొట్టి కడగండి. సాయంత్రం పూట లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. ఎండలో వద్దు, ఆకు మాడుతుంది. పక్కన బెండ మొక్కలున్నా ఓ కన్నేయండి. బెండ, పత్తి, గోంగూర, మందారం అన్నీ ఒకే కుటుంబం, పిండినల్లి వీటన్నిటి మీదా బతుకుతుంది.

మేడతోట_కావలి
చూశానమ్మా. పురుగు లేదు, చీమలూ లేవు. లేత ఆకులు మాత్రం పసుపుగా ఉన్నాయి, ఈనెలు పచ్చగానే ఉన్నాయి. పోసేది బోరు నీళ్లు, కాస్త ఉప్పగా ఉంటాయి.

పొదిలి_రైతుబిడ్డ
అయితే నీళ్లతోనే వచ్చిందండి. మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కట్టిందేమో చూడండి. ఉప్పు పేరుకుంటే వేరు నీళ్లు లాగలేదు, మొక్క ముందు మొగ్గనే వదిలేస్తుంది. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపైతే ఇనుము లోపం. మా వైపు నీళ్లు గట్టివి, అంటే సున్నం ఎక్కువ, నిమ్మతోటల్లోనూ ఇదే గోల. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేస్తాం, కొత్త చిగురు పచ్చగా వస్తుంది. ఎరువు కొన్నాళ్లు ఆపండి, అదీ ఉప్పే. మంచినీళ్లు దొరికిన రోజు అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా పోయండి. కార్తీకం వానలకు కుండీలు ఆరుబయటే ఉంచితే ఉప్పు దానంతటదే కడుక్కుపోతుంది. కింద పళ్లెం మాత్రం తీసేయండి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

మూలాపేట_నెల్లూరు
ఎండ సంగతి కూడా చూడాలి. మే నెల వడగాలికి రేకు మందారం తట్టుకుంటుంది, హైబ్రిడ్ తట్టుకోదు. మధ్యాహ్నం పూట గ్రీన్ నెట్ నీడ ఇవ్వండి. నా అభిప్రాయం అడిగితే, ఉప్పు నీళ్ల ఊళ్లో నాటు మందారాన్ని మించింది లేదు. హైబ్రిడ్ కావాలంటే నాటు మొక్క మీద అంటు కట్టింది అడిగి తెచ్చుకోండి.

మేడతోట_కావలి
మరి కొమ్మలు ఇప్పుడే కత్తిరించనా?

పొదిలి_రైతుబిడ్డ
ఈ ఎండల్లో వద్దండి. వానలు వెనకబట్టాక, జనవరిలో కత్తిరించండి. పూత కొత్త చిగురు మీదే వస్తుంది కాబట్టి తర్వాత కొన్ని వారాలు పూలు ఉండవు, కంగారు పడకండి.