కుళాయి ధార సన్నబడితే మూతి జాలీ పీకేయాలా, ఉంచాలా?

సన్నధార:
వంటగది సింకు కుళాయిలో నీళ్లు నానాటికీ తగ్గిపోతున్నాయి. మూతికి బిగించే, నీటిలో గాలి కలిపే ఏరేటర్ జాలీ విప్పితే మాత్రం ధారాళంగా వస్తున్నాయి. అది పారేస్తే సరిపోతుందని ప్లంబరు అంటున్నాడు. ఇంట్లోవాళ్లు ప్రెషర్ పంపు పెట్టిద్దామంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

పానా_చేతిలో:
నేనైతే పీకేస్తాను. మేడమీద ట్యాంకు నుంచి దిగే నీటికి ఒత్తిడి ఎంతుంటుందో చూడండి. పది మీటర్ల ఎత్తుకి దాదాపు 1 బార్. ట్యాంకు కుళాయికి మూడు మీటర్ల పైన ఉంటే దక్కేది 0.3 బార్. మార్కెట్లో దొరికే ఏరేటర్లు చాలావరకు 3 బార్ దగ్గర లెక్కగట్టినవి. ఒత్తిడి పదోవంతుకి పడిపోతే ప్రవాహం సుమారు మూడోవంతు అవుతుంది. నిమిషానికి 6 లీటర్లని రాసి ఉన్న జాలీ అక్కడ 2 లీటర్లు ఇస్తే గొప్ప. అంత తక్కువ ఒత్తిడిలో గాలి కూడా సరిగా కలవదు. ఇక దాన్ని ఉంచి ఏం లాభం?

గార_విడిచేదాకా:
మీ లెక్క తప్పనడం లేదు గానీ, అడిగినవారి కుళాయి మొదటి నుంచీ సన్నగా లేదు, క్రమంగా తగ్గింది. ట్యాంకు ఎత్తు మారలేదు కదా! మారింది జాలీయే. అది తీయగానే నీళ్లు వచ్చాయంటే పైపు బాగానే ఉన్నట్టు, పంపు అవసరం లేనట్టు. కాబట్టి ముందు కడగాలి.

మూతి చుట్టూ గుడ్డ చుట్టి పానాతో తిప్పితే గీతలు పడవు. లోపలి ముక్కలు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు రబ్బరు రింగు తారుమారైతే పక్కల నుంచి కారుతుంది. తెల్లగా గార కట్టి ఉంటే వెనిగర్‌లో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే, ఆ పులుపుకి కరుగుతుంది. బాత్రూం యాసిడ్ దగ్గరికి మాత్రం పోవద్దు. క్రోమ్ పూత తినేస్తుంది, పొగ ఊపిరికి మంచిది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, జాలీలో దొరికినదాన్ని కడిగి పారబోసే ముందు ఒకసారి పరిశీలనగా చూడండి. పైపుల లోపల ఏం జరుగుతోందో తెలిసేది అక్కడే. ఎర్రటి పొట్టు ఉంటే జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) తుప్పు. తెల్లటి దారపు పోగులైతే ఎవరో జాయింటుకి చుట్టిన టెఫ్లాన్ టేపు. నల్లని మెత్తటి పలుకులైతే ఎక్కడో రబ్బరు అరిగి రాలుతోంది. జాలీ లేకపోతే ఇవన్నీ గిన్నెలోకి, గ్లాసులోకి పోతాయి, మీకు తెలియనే తెలియదు. అందుకే పీకేయమన్న మాట వింటే నాకు కోపం వస్తుంది.

పానా_చేతిలో:
కడగమనడం సబబే, ఒప్పుకుంటాను. కానీ కడిగినా చాలనివాళ్లున్నారు. వాళ్లకి తక్కువ ఒత్తిడి కోసం చేసిన జాలీలు దొరుకుతాయి. నీటిని బిగబట్టే చిన్న ప్లాస్టిక్ బిళ్ల వాటిలో ఉండదు. అవి పెట్టుకోవచ్చు. బకెట్లు నింపే కుళాయికి మాత్రం ఏ జాలీ అక్కర్లేదు. బకెట్ నిండడానికి పట్టే నీళ్లు పట్టనే పడతాయి, పొదుపయ్యేదేమీ లేదు.

రెండో_అంతస్తు:
పంపు మాట తేలిగ్గా తీసుకోకండి. ట్యాంకు తరవాత పెట్టేది వేరు, వీధి పైపుకి నేరుగా తగిలించేది వేరు. రెండోది నీళ్లు లాగేటప్పుడు పైపులో ఒత్తిడి బయటికన్నా తక్కువకి పడిపోతే, పగుళ్లలోంచి మట్టినీరు, మురుగు లోపలికి వస్తాయి. అది వీధంతా తాగే నీరు! ట్యాంకు తరవాత పెట్టినా, లోపల తుప్పుతో మూసుకుపోయిన పాత పైపుకి ఒత్తిడి పెంచితే బలహీనమైన జాయింట్లు కారడం మొదలవుతుంది.

ఒక్క కుళాయిలోనే తక్కువా, అన్నిటా తక్కువా అన్నది ముందు తేల్చుకోండి. ఒక్కదానిలోనే అయితే జాలీ, సింకు కింద నీళ్లు కట్టే చిన్న వాల్వు (యాంగిల్ కాక్), కుళాయి లోపల నీటిని తెరిచి మూసే కార్ట్రిడ్జ్ చూడండి. అన్నిటా అయితే ట్యాంకు దగ్గర వాల్వు సగమే తెరిచి ఉందేమో, పైపులో గాలి చిక్కిందేమో. వేడి నీళ్లే తక్కువైతే గీజర్ వైపు వెతకాలి.

సన్నధార:
జాలీ కడిగాను. నల్లని మెత్తటి పలుకులే ఎక్కువ. తిరిగి బిగించాక చల్లనీళ్లు బాగా వస్తున్నాయి. వేడి వైపు తిప్పితే మాత్రం ఇంకా సన్నగానే ఉంది. పైగా కట్టేశాక కూడా చుక్కలు కారుతున్నాయి.

గార_విడిచేదాకా:
అయితే యాంగిల్ కాక్ నుంచి కుళాయికి వెళ్లే వేడి వైపు ఫ్లెక్సిబుల్ పైపునే ముందు అనుమానించండి. పైన స్టీలు అల్లిక గట్టిగా కనిపించినా లోపలున్నది రబ్బరే. ఏళ్ల తరబడి వేడికి, క్లోరిన్‌కి పెళుసెక్కి రాలుతుంది. గీజర్ స్విచ్ ఆపి, యాంగిల్ కాక్ కట్టి, పైపు విప్పి వంచి చూడండి. లోపల పగుళ్లుంటే మార్చడమే, రెండూ ఒకే వయసువైతే చల్లనీటిది కూడా మార్చేయండి. కొత్తది తగిలించాక జాలీ లేకుండా కాసేపు నీళ్లు వదలండి, మిగిలిన పలుకులు పోతాయి.

చుక్కల సంగతి వేరే. ఒకే పిడి ఉన్న మిక్సర్ అయితే పలుకు కార్ట్రిడ్జ్‌లో సిరామిక్ బిళ్లల మధ్య ఇరుక్కుని ఉండొచ్చు. గట్టిగా బిగించకండి, బిళ్ల చిట్లితే మొత్తం కార్ట్రిడ్జ్ మార్చాలి. విప్పి కడిగితే చాలాసార్లు ఆగిపోతుంది. మరలాగా తిప్పి కట్టే పాత స్పిండిల్ రకమైతే వాషర్ మార్చండి, లోపల ఆ వాషర్ ఆనే పీట అరిగిందేమో వేలితో తడిమి చూడండి.

పానా_చేతిలో:
పైపు సంగతి నేనూ అదే అంటాను. యాంగిల్ కాక్ పూర్తిగా కట్టుకుంటుందో లేదో ముందే చూసుకోండి. ఏళ్లుగా తిప్పనిది ఒక్కోసారి బిగుసుకుపోతుంది, అప్పుడు ట్యాంకు దగ్గరే కట్టాలి. బకెట్ కుళాయికి జాలీ వద్దన్న మాట మాత్రం నేను వదులుకోను.