రొయ్యలు తినే ఇంట్లో పుట్టిన పాపకి రొయ్యల ఎలర్జీ ఎందుకొచ్చింది?

ఎంవీపీ కాలనీ అమ్మ:
మాది వైజాగ్, ఆదివారమైతే ఫిషింగ్ హార్బర్ నుంచి రొయ్యలు రావాల్సిందే. పాపకి నాలుగేళ్లు. పోయిన నెల మా అత్తగారు బీరకాయ రొయ్యలు వండి మొదటిసారి రెండు ముద్దలు పెట్టారు, పది నిమిషాల్లో పెదాలు ఉబ్బిపోయి మెడంతా దద్దుర్లు, గొంతు బొంగురుపోయింది, ఆటోలో ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఇప్పుడు బానే ఉంది, రొయ్యలు పూర్తిగా మానిపించాం. మా అమ్మేమో "మన ఇంట్లో ఎవరికీ లేనిది ఈ గుంటకి ఏటొచ్చిందే" అంటోంది. పాపకి నెలల పిల్లప్పట్నుంచి ఎగ్జిమా (చర్మం పొడిబారి ఎర్రగా దురదపెట్టే జబ్బు) ఉంది, మూడేళ్ల దాకా గుడ్డు, పల్లీ, చేప ఏవీ పెట్టొద్దని ఒకరు చెప్తే పెట్టలేదు. తప్పు నాదేనా? రీసెర్చ్ ఏమంటోంది?

ఇమ్యునాలజీ స్టూడెంట్:
అక్కా తప్పు మీది కాదు. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీయే రిస్క్ ఉన్న పిల్లలకి పల్లీ, చేప మూడేళ్ల దాకా వద్దంది, ఆధారం లేదని 2008లో వెనక్కి తగ్గింది. అదే ఏడాది లండన్‌లో గిడియన్ లాక్ అనే ఎలర్జీ డాక్టర్ టీమ్ ఒకటి గమనించింది, బ్రిటన్‌లో పెరిగే యూదు పిల్లల్లో పల్లీ ఎలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతమే, అక్కడ పసిపిల్లలకే పల్లీ స్నాక్ తినిపిస్తారు. తర్వాత 640 మంది పసిపిల్లల్లో కొందరికి పల్లీ పెట్టి, కొందరికి పెట్టకుండా ట్రయల్ చేసి 2015లో ఫలితం చెప్పారు, ఐదేళ్లు వచ్చేసరికి పల్లీ పెట్టని వాళ్లలో 17.2 శాతానికి పల్లీ ఎలర్జీ, తిన్నవాళ్లలో 3.2 శాతానికే. లాక్ చెప్పేదేంటంటే ఒకే ప్రోటీన్ పొట్టలోంచి వెళ్తే ఒంటికి అలవాటవుతుంది, ఎగ్జిమాతో చిట్లిన చర్మంలోంచి వెళ్తే ఒళ్లు దాన్ని శత్రువు అనుకుంటుంది. మీ ఇంట్లో రొయ్యలు ఒలిచిన చేతులతోనే పాపని ఎత్తుకునేవాళ్లేమో ఆలోచించండి. ఈ లెక్కలన్నీ పల్లీవి, రొయ్యకి నేరుగా అతికించలేం. ఎలర్జీ వచ్చేశాక ఇంట్లో కొంచెం కొంచెం పెట్టి చూడటం మాత్రం ప్రాణం మీదకొస్తుంది, దయచేసి వద్దు.

రొయ్యల ప్లాంట్‌లో క్వాలిటీ:
నేను ఎక్స్‌పోర్ట్ ప్లాంట్‌లో చేస్తా అండి. మాతో పనిచేసే ఒకావిడ ఎన్నో ఏళ్లు రొయ్యలు ఒలిచింది, ఇప్పుడు ఉడకబెట్టే సెక్షన్‌లోకి వెళ్తే ఆవిరికే పిల్లికూతలు, కళ్లు ఎర్రబడతాయి. సీఫుడ్ ప్లాంట్ కార్మికుల ఆస్తమా మీద చాలా దేశాల్లో స్టడీలున్నాయి. రొయ్యల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఉడికించినా చావదు. మీరు వండేటప్పుడు పాపని వంటింటికి దూరంగా ఉంచండి, గరిటె కూడా వేరే పెట్టుకోండి.

ఇమ్యునాలజీ స్టూడెంట్:
కరెక్ట్ అండి, ఇంకో మాట, దాదాపు అదే ప్రోటీన్ బొద్దింకలోనూ పరుపుల దుమ్ములో ఉండే, కంటికి కనిపించని డస్ట్ మైట్ అనే పురుగులోనూ ఉంటుంది. మన సముద్రపు తేమకి మైట్లు బాగా పెరుగుతాయి. అంటే రొయ్య నోట్లో పడకముందే దాని చుట్టాన్ని పాప ఒళ్లు శత్రువుగా గుర్తుపెట్టుకుని ఉండొచ్చు. డాక్టర్‌ని మైట్ టెస్ట్ కూడా అడగండి.

ఎంవీపీ కాలనీ అమ్మ:
రొయ్యలు ఒలిచి చీరకి చెయ్యి తుడుచుకుని పాపని ఎత్తుకునేది మా అత్తగారే, పాపం ఆవిడకేం తెలుసు. పాప తమ్ముడికి ఇప్పుడు ఐదో నెల, మోచేతి మడతల్లో అప్పుడే ఎర్రగా అవుతోంది. పల్లీ, గుడ్డు ఎప్పుడు మొదలెట్టాలో సోమవారమే డాక్టర్‌ని అడుగుతా, ఈసారి మూడేళ్లు ఆగను.