సెకండ్ హ్యాండ్ ఫైబర్ క్యారవాన్: వాన పడితే లోపల చెమ్మ, ఎక్కన్నుంచో దొరుకుతలేదు

నయీంనగర్_రోడ్డు:
పొద్దున తొమ్మిదింటికి పట్టుకున్న, ఇప్పుడు నాలుగున్నర అయితాంది. మూడు సిలికాన్ ట్యూబులు అయిపోయినయి. ఫైబర్ క్యారవాన్, కారు వెనక తగిలించి లాగేది, సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. ఫైబర్ అంటే చెక్కలెక్క పుచ్చదు, రేకులెక్క తుప్పు పట్టదు అన్నరు. తెచ్చి నెల కాలే, రెండు వానలకే మంచం పక్కన నేల మెత్తబడ్డది, అడుగేస్తే దిగుతాంది. కిటికీలు, పైన అతుకులు అన్నీ సిలికాన్ పెట్టి మూసిన. పైపుతోని నీళ్లు కొడితే మళ్ల అక్కన్నే చెమ్మ. బయట చెయ్యి పెట్టి రుద్దితే తెల్లటి పొడి అంటుతాంది. అసలు ఫైబర్ ఎన్నేండ్లు ఆగుతది? దీన్ని బాగు చేసుకోవాల్నా, అమ్ముకోవాల్నా? తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.

కాజీపేట_షెడ్డు:
ఏ సంవత్సరంది? అచ్చుల పోసిన బాడీయా, ఫ్రేముకు షీట్లు అంటించిందా? ఫోటో పెట్టు.

నయీంనగర్_రోడ్డు:
ఫైబర్ అని చెప్పిన గదన్నా. తెల్లది, 13 అడుగులు. నంబరు ఏపీ 36.

కాజీపేట_షెడ్డు:
ఏపీ 36 అంటే 2014 జూన్ కంటే ముందటిది. పదేండ్లు దాటింది. అడిగిన రెండో ప్రశ్నకు జవాబు రాలేదు.

రెజిన్_మ్యాట్:
ఆ రెండో ప్రశ్న మీదనే అంతా ఉంది తమ్మీ, అందుకే అడుగుతున్నడు. "ఫైబర్ క్యారవాన్" అని రెండు వేరు వేరు వస్తువులను పిలుస్తున్నరు.

ఒకటి అచ్చుల పోసింది. పై డొప్ప, కింది డొప్ప వేరువేరుగ తీసి నడుం దగ్గర కలుపుతరు, కోడిగుడ్డు లెక్క ఉంటది. కెనడాల విన్నిపెగ్‌ల 1968ల మొదలైన బోలర్ ఈ రకమే, తర్వాత అమెరికాల వచ్చిన స్క్యాంప్, కాసిటా కూడా ఇదే పద్ధతి. అర్ధ శతాబ్దం దాటిన బోలర్లు ఇప్పటికీ రోడ్డు మీద ఉన్నయి. వీటిల్ల గోడే బాడీని మోస్తది, లోపల చెక్క ఫ్రేము ఉండదు.

రెండోది, ఇనుప గొట్టాల ఫ్రేముకో చెక్క ఫ్రేముకో ప్లైవుడ్, దాని మీద ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఫైబర్ షీటు అంటించింది. బయటికి అదీ ఫైబరే. ఒక్క మూల అతుకు ఇడిస్తే నీళ్లు షీటు వెనక్కి పోతయి, ప్లైవుడ్ నానుతది, షీటు పొక్కిపోయి ఉబ్బుతది. అప్పుడు షీటు బాగనే ఉంటది గని వెనక పట్టుకునేది ఏం ఉండదు.

గుర్తుపట్టుడు అల్క. బీరువా లోపలి మూలల టార్చ్ కొట్టి చూడు. గరుకుగ, దారాలు దారాలుగ గాజు పీచు కనపడి, మూల గుండ్రంగ మలిగితే అచ్చు బాడీ. మూల నిటారుగ ఉండి, బయట అల్యూమినియం పట్టీ కొట్టి ఉంటే షీట్ల బాడీ. తర్వాత రూపాయి బిళ్లతోని గోడంతా కొట్టుకుంట పో. గట్టి చోట టంగుమంటది, పొరలు ఇడిసిన చోట డబ్బుడబ్బుమంటది. డబ్బుమన్న జాగా చుట్టూ పెన్సిల్‌తోని గీసుకో.

తెల్ల పొడికి భయపడకు. పైన ఉండే జెల్‌కోట్ అర మిల్లీమీటరు మందం, ఎండకు దాని పైపొర చచ్చి సుద్దలెక్క రాలుతది. బలానికి దానితోని సంబంధం లేదు. 1000, 1500, 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్, ఆఖరికి మైనం. ఏడాదికి రెండుసార్లు మైనం పట్టిస్తే చాలు. గని ఇది ఆఖరి పని, నీళ్లు ఆగినంకనే.

ఆర్సీ_ముందు:
రిపేరు సంగతి తరువాత. ముందు ఆ బండికి ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 2(28) ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. ఇంజను లేదు కదా అని చాలామంది కాగితం మీద రాయించుకుని తెచ్చుకుంటున్నారు. లాగే కారు ఆర్సీ వేరు, ట్రైలర్ ఆర్సీ వేరు. పేరు మారకుండా దాని మీద రూపాయి ఖర్చు పెట్టకండి. ఛాసిస్ నంబరు ఇనుము మీద కొట్టి ఉంటుంది, తుప్పు గీకి ఆర్సీతో సరిపోల్చండి. ఇంకో మాట, దాన్ని క్యారవాన్ అనకండి. ఇంజను ఉండి లోపల పడకలు ఉన్నదాన్ని క్యారవాన్ అంటారు. మీది ట్రైలర్.

కాజీపేట_షెడ్డు:
లాగేదాన్నే క్యారవాన్ అంటరు. ఇంజను ఉన్నది మోటార్ క్యారవాన్.

ఆర్సీ_ముందు:
మన దగ్గర సినిమా షూటింగులకు వచ్చే వ్యానును ఏమంటున్నారు? క్యారవాన్ అనే కదా. వాడుకలో ఉన్న మాటే మాట.

రెజిన్_మ్యాట్:
ఆర్సీ మాట నిజం, చూసుకోవాల్సిందే. పేరు ఏదైనా నీళ్లు కారుడు ఆగదు గద సార్.

చెరువుకట్ట:
నేల మెత్తబడ్డది అంటే ఆస్మాసిస్ అయి ఉంటది. ఫైబర్ పడవలకు ఇదే రోగం. నీళ్లు జెల్‌కోట్ దాటి లోపలి పొరలకు పోయి పొక్కులు లేస్తయి, పొడిస్తే పుల్లటి వాసనతోని నీళ్లు వస్తయి. మొత్తం జెల్‌కోట్ గీకి, నెలల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ అనే జిగురు కోటింగులు వెయ్యాలె.

రెజిన్_మ్యాట్:
పడవ రాత్రీపగలూ నీళ్లల్ల మునిగి ఉంటది కాబట్టి ఆ పొక్కులు. ట్రైలర్ వానకు తడుస్తది, ఎండకు ఆరుతది, దానికి ఆ రోగం రాదు. మెత్తబడేది ఫైబర్ కాదన్నా, దాని లోపల ఉన్న ప్లైవుడ్. అచ్చు బాడీల నేల అంటే ప్లైవుడ్‌కు పైన కింద మ్యాట్, అంటే గాజు పీచు పరుపు, వేసి, ఆరి గట్టిపడే రెజిన్ అనే జిగురు పోసింది. మంచానికి, బీరువాకు కొట్టిన ఒక్కో స్క్రూ తూటు నుంచి నీళ్లు దిగుతయి, బయటికి రావడానికి తొవ్వ ఉండదు, లోపలే పుచ్చుతది.

నయీంనగర్_రోడ్డు:
చూసిన. మూలలు గుండ్రంగనే ఉన్నయి, పీచు కనపడుతాంది. మంచం దగ్గర తప్ప అంతటా టంగుమంటాంది. పైన మాత్రం ఏసీ చుట్టూ డబ్బుమంటాంది.

కాజీపేట_షెడ్డు:
ఏసీనా? పైన ఏసీ ఉన్నదా?

నయీంనగర్_రోడ్డు:
ఆ, ముందటాయన పెట్టించిండట. స్ప్లిట్ ఏసీ బయటి యూనిట్ పైకప్పు మీద నాలుగు బోల్టులతోని బిగించిండు. అది కారుతలేదు అన్నా, దాని కింద లోపల పొడిగనే ఉంది. చెమ్మ మంచం కాడ, నాలుగడుగుల అవతల.

రెజిన్_మ్యాట్:
ఇది మొదలే చెప్పాల్సింది తమ్మీ. ఆ డొప్ప మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం. కింద దూలం లేకుండ ముప్పై కిలోలు పెట్టి, ఎండాకాలం కప్పు కాలుతుండంగ ఏండ్ల తరబడి వదిలేస్తే మెల్లగ కుంగుతది. కుంగిన చోట గిన్నె లెక్క నీళ్లు నిలుస్తయి. ఆ గిన్నె అడుగునే నాలుగు బోల్టులు. బండి ఊగినప్పుడల్లా తూట్లు ఒరుసుకొని పెద్దగయితయి. కారిన నీళ్లు అక్కన్నే చుక్క పడవు. లోపల గోడకు అంటించిన గుడ్డకు, డొప్పకు మధ్యల జారి, డొప్ప వంపు వెంబడి కిందికొచ్చి ఎక్కడ దారి దొరికితే అక్కడ తేలుతయి. నీకు మంచం కాడ దొరికింది.

నమ్మకం కావాలంటే ఇట్ల చూడు. కిటికీలు, సింకు పైపు, గాలి తూట్లు అన్నీ టేపు వేసి మూసెయ్యి. ఒక కిటికీల అట్ట పెట్టి, దాంట్ల నుంచి బ్లోయర్‌తోని లోపలికి గాలి కొట్టు. పైన బోల్టులు, కిటికీ అంచులు, రివెట్ల మీద షాంపూ నీళ్లు పొయ్యి. గాలి బయటికొచ్చే చోట బుడగలు లేస్తయి. పైపుతోని చూసుడైతే కిందినుంచి పైకి రావాలె, ఒక్కో వరుసకు పది నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే అంతా తడిసి ఏదీ తెల్వదు.

కాజీపేట_షెడ్డు:
సిలికాన్ అంతా గీకెయ్యి. దాని మీద రెజిన్ పట్టదు, రంగు పట్టదు, మళ్ల సిలికాన్ కూడా సరిగ పట్టదు. ప్లాస్టిక్ బ్లేడు, తర్వాత 80 నంబరు పేపర్. బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరు జిగురు పట్టీ) లేదా పీయూ (పాలియురేథేన్) సీలెంట్ వాడాలె. లారీ బాడీలు కట్టే కాడ దొరుకుతది.

నయీంనగర్_రోడ్డు:
బుడగలు వచ్చినయి. నాలుగు బోల్టులల్ల మూడింటికి. ఇప్పుడేం జెయ్యాలె?

రెజిన్_మ్యాట్:
ఏసీ దించు. లోపల అడ్డ చెక్క పెట్టి కింద జాకీతోని కప్పును లేపు, సమానం కంటే పది మిల్లీమీటర్లు ఎక్కువనే లేపు. లోపలి గుడ్డ తీసి 40 నంబరు డిస్కుతోని గరుకు చేసి, అసిటోన్‌తోని తుడువు. అడ్డంగ రెండు మూడు పక్కటెముకలు కట్టాలె: 50 మిల్లీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు పీయూ ఫోమ్ పట్టీ, దాని మీద చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ మూడు పొరలు, పక్కలకు 50 మిల్లీమీటర్ల చొప్పున డొప్ప మీదికి వచ్చేటట్టు. థర్మకోల్ మాత్రం పెట్టకు, మనం వాడే పాలిస్టర్ రెజిన్ తగిలితే అది కరిగి మాయమైతది. జాకీ ఒక రోజంతా అట్లనే ఉంచు.

బోల్టు తూట్ల చుట్టూ పగుళ్లు ఉంటే ఒక్కో దిక్కు వాలుగ గ్రైండ్ చెయ్యాలె. మందం ఎంతో దానికి 12 రెట్లు దూరం, అంటే 3 మిల్లీమీటర్లకు 36. అర సెంటీమీటరు చుట్టూ గ్రైండ్ చేసి పుట్టీ నింపితే మళ్ల వానకాలానికి అదే పగులు పైకి వస్తది.

లెక్క: 30 సెంటీమీటర్ల చదరానికి 450 మ్యాట్ ఒక పొర 40 గ్రాములు. పొరకు ఇంచుమించు మిల్లీమీటరు మందం వస్తది, మూడు పొరలకు 120 గ్రాములు. రెజిన్ మ్యాట్‌కు రెండున్నర రెట్లు, 300 గ్రాములు. ఇప్పుడున్న వాతావరణానికి రెజిన్‌ను గడ్డ కట్టించే హార్డనర్ ఒకటిన్నర శాతం, నాలుగున్నర గ్రాములు. మే నెల ఎండకు ఒక శాతం చాలు, లేకపోతే డబ్బాలనే గడ్డ కడతది. ఒక్కసారి 300 గ్రాములకు మించి కలుపకు.

కాజీపేట_షెడ్డు:
కోబాల్ట్ (రెజిన్ తొందరగ గడ్డ కట్టేటందుకు కలిపే మందు) విడిగ ఇస్తే, హార్డనర్‌తోని నేరుగ ఎన్నడూ కలుపద్దు. పేలుతది. ముందు కోబాల్ట్ రెజిన్‌ల కలిపి, అది పూర్తిగ కలిసినంకనే హార్డనర్. కళ్లద్దాలు లేకుండ హార్డనర్ సీసా మూత తియ్యకు.

చెరువుకట్ట:
గ్రైండ్ చేసిన చోట మ్యాట్ చిన్న ముక్క ముందు, దాని మీద పెద్దది, అట్ల వెయ్యాలె.

రెజిన్_మ్యాట్:
పెద్దది ముందు. అప్పుడు మొదటి పొరే వాలు మొత్తం పాత ఫైబర్‌కు అంటుకుంటది. చిన్నది ముందు వేస్తే ప్రతి పొర అంచు మాత్రమే పాతదానికి తగులుతది.

చెరువుకట్ట:
చిన్నది ముందు వేసిన పడవలు ఏండ్లసంది తిరుగుతున్నయి. అసలు ఎపాక్సీ వాడితే ఈ గొడవే లేదు, పాలిస్టర్ కంటే గట్టిగ పట్టుకుంటది.

రెజిన్_మ్యాట్:
పట్టుకుంటది, ఒప్పుకుంట. గని ఎపాక్సీ మీద జెల్‌కోట్ సరిగ ఆరదు, మళ్ల ఎపుడన్న పాలిస్టర్ వెయ్యాలన్నా దాని మీద గట్టిగ నిలువదు. పైన రంగు వేసుకునేటట్టయితే ఎపాక్సీ మంచిదే.

ఆర్సీ_ముందు:
ఏసీ తీసేశాక మళ్లీ పైన పెట్టాలని చూడకండి. బయటి యూనిట్‌ను ముందువైపు, కారుకు తగిలించే ఇనుము మీద పెట్టుకోవచ్చు. బరువు ఛాసిస్ మీద పడుతుంది, కప్పు మీద కాదు.

రెజిన్_మ్యాట్:
ఈ మాట బాగుంది సార్, నేను రాయడం మరిచిన. తూట్లు శాశ్వతంగ మూసెయ్యొచ్చు. గని ముందు దిక్కు బరువు పెరుగుతది, బండి తగిలించి కారు వెనక ఎంత దిగుతాందో చూసుకోవాలె.

నేల సంగతి: మెత్తగున్న చోట పై పొర కోసి, స్క్రూడ్రైవర్‌తోని పొడుసుకుంట పో. పొడి చెక్క తగిలేదాకా తీసెయ్యాలె, నల్లబడ్డదాన్ని దయతలిచి ఉంచద్దు. కింది ఫైబర్ పొర అట్లనే ఉంచి, రెండు మూడు రోజులు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టు. కొత్తగ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే. ఐఎస్ 303 ముద్ర చూపించి "ఇదీ వాటర్‌ప్రూఫే" అని ఇస్తరు, అది మెరైన్ కాదు. అంచులకు రెండుసార్లు రెజిన్ తాగించి పెట్టు, పైన రెండు పొరలు మ్యాట్. తర్వాత మంచం స్క్రూలు కొట్టేటప్పుడు ప్రతి తూటుల సీలెంట్ నింపి బిగించు. వాన పడే రోజు రెజిన్ పని పెట్టుకోకు, చెమ్మ పట్టిన చెక్కకు అది అంటదు.

నయీంనగర్_రోడ్డు:
బోల్టులు తీసిన. కింద నడుం పట్టీ కాడ ఆరేడు రివెట్లు కూడా వదులుగ ఉన్నయి, చుట్టూ నల్లగ గీత ఉంది.

కాజీపేట_షెడ్డు:
నల్ల గీత అంటే అది కదులుతాంది. డ్రిల్లుతోని తీసి, మూసిన తల ఉండే రివెట్ వెయ్యి, కింద బ్యూటైల్ ముక్క. మామూలు పాప్ రివెట్ నడుమ తూటే నీళ్లకు దారి.

రెజిన్_మ్యాట్:
కిందికి దూరినవు కాబట్టి ఛాసిస్ కూడా చూడు. కారుకు తగిలించే ముందు త్రికోణం ఇనుము బాడీ కిందికి పోయే చోట వెల్డింగ్ పక్కన వెంట్రుక మందం పగులు ఉంటది, వైరు బ్రష్‌తోని గీకితేనే కనపడుతది. బాడీ యాభై ఏండ్లు ఆగినా ఇనుము అడ్డం తిరుగుతది. టైరు మీద నాలుగంకెలు చదువు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గీతలు మంచిగున్నా ఏడేండ్లు దాటితే మార్చెయ్యి.

నయీంనగర్_రోడ్డు:
టైర్ల మీద 3113 ఉంది. రేపు పొద్దుగాల రెజిన్, ప్లైవుడ్ తెస్త. థ్యాంక్స్ అన్నా.

చెరువుకట్ట:
పెద్దది ముందు వేస్తవా, చిన్నది ముందు వేస్తవా?

నయీంనగర్_రోడ్డు:
ఇంక అనుకోలే. కమాన్ కట్టల బుష్షులు కూడా అరిగినట్టున్నయి, అవి ఏ సైజు అడగాలె?